ఉత్తరాలన్నీ అందాయి

"ఇకమీదట భూమండలం మీద ఏ పిల్లవాడు బొటనవేలు కదిపినా, ఆ వేలి కింద మన దేశపు ఆటే ఉండాలి!" అని సంస్కృతి, క్రీడలు, ఎగుమతుల శాఖల మంత్రిగారు పత్రికల వాళ్ళని పిలిచి ప్రకటించారు. ఆ మాట అంటూ తన బొటనవేలు పైకెత్తి చూపించారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆ వేలే పడింది.

వీడియో గేమ్ అనేది ఏ శాఖ కిందికి వస్తుందన్న దాని మీద అంతకుముందు రెండేళ్ళు ఫైలు నడిచింది. కరెంటు కాలుతుంది కాబట్టి మాదని విద్యుత్ శాఖ, పిల్లలు చెడిపోతారు కాబట్టి మాదని విద్యాశాఖ వాదించాయి. చివరికి పేరులోనే 'గేమ్' ఉంది కనక అది క్రీడేనని తేలింది. మూడు శాఖలూ ఒక్క మనిషి చేతిలోనే ఉండటం దేశం చేసుకున్న పుణ్యం. ఆడితే క్రీడ, బొమ్మ వేస్తే సంస్కృతి, అమ్మితే ఎగుమతి. ఫైలు ఆయన బల్ల మీంచి బయల్దేరి, ఆయన బల్ల మీదికే వచ్చి, ఆయన అభ్యంతరాలకి ఆయన సమాధానాలతో చకచకా కదిలిపోయేది.

ప్రకటన అయితే అయింది గానీ పంపడానికి ఆట కావాలి కదా. శాఖ కార్యదర్శి దేశమంతా గాలించాడు. దేశీయంగా తయారైన ఆటలు రెండే దొరికాయి. మొదటిది పెడితే కంప్యూటరు ఆగిపోయింది. రెండోది పెడితే ఆగలేదు. ఆ ఒక్క అర్హత మీదే రెండోది ఎంపికైంది. దాన్ని తయారుచేసినవాడు ఆ శాఖలోనే పనిచేసే అనువాదకురాలి తమ్ముడు.

ఆమెది జిరాక్సు మిషను పక్కన ఒక మూల బల్ల. పన్నెండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. మూడు పరాయి భాషలు మంచినీళ్ళ ప్రాయంగా వచ్చు. బయటి దేశాల నుంచి వచ్చే ఉత్తరాలూ, ఇక్కణ్ణించి వెళ్ళే ప్రసంగాలూ అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా కలపలేదు, ఒక్కటీ తీయలేదు. ఇతరులు చెప్పిన అబద్ధాలని సైతం ఎంతో నిజాయితీగా అనువదించింది. తమ్ముడి ఆట సంగతి కార్యదర్శి చెవిన వేసింది కూడా ఆమే. వేసిన రోజున ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళింది.

ఇల్లంటే దర్జీ షాపు మీద రెండు గదులు. కింద మిషన్లు తిరుగుతుంటే పైన గచ్చు సన్నగా వణికేది. ముందు గదిలో అక్కా, మేనమామా. వెనక గదిలో తమ్ముడూ, వాడి కంప్యూటర్లూ, మూడేళ్ళ శ్రమా. మేనమామ ముప్ఫై నాలుగేళ్ళు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎడమ పిక్క మీద నాలుగు పళ్ళ గాటు, మొహం మీద ఎప్పుడూ ఒక నవ్వు. తమ్ముడు ఆ నవ్వునీ, ఆ గాటునీ ఉన్నదున్నట్టు దించి ఆట చేశాడు. పేరు 'సంచీ తాత'. పొద్దుగూకే లోపల ముసలాయన సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళో ఉత్తరాలన్నీ పంచాలి. రోడ్లు తవ్వి ఉంటాయి, కుక్కలు తరుముతాయి, ఇంటి నంబర్లు తప్పుగా ఉంటాయి, వాన కురుస్తుంది. ఎలాగో చేరి తలుపు కొడితే లోపలివాళ్ళు వచ్చి, ఉత్తరం విప్పి, అక్కడే నిలబడి చదువుకుంటారు. చదువుతుండగా వాళ్ళ మొహాలు మారతాయి. అంతే ఆట.

మంత్రిగారు స్వయంగా పరిశీలించారు.

"ఇందులో ఎవర్ని చంపాలి?"

"ఎవర్నీ చంపక్కర్లేదు సార్. ఉత్తరాలు ఇవ్వాలి" అన్నాడు తమ్ముడు.

"ఇచ్చాక?"

"చదువుకుంటారు."

"చదివాక?"

"ఇంకో ఇంటికి వెళ్ళాలి సార్."

మంత్రిగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. అవి తెరుచుకునేదాకా గదిలో ఎవరూ కదల్లేదు. "ఎగుమతికి ఇదే సరైన సరుకు. పాడవదు, మురగదు, ఎవడూ ఫిర్యాదు చేయడు" అన్నారు. తమ్ముడు మూడేళ్ళలో మొదటిసారి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన రోజు అది.

మొదటి రెండు వీధులూ, మిగతావాటి వివరాలూ నమూనాగా పంపితే, నెల తిరక్కుండా మూడు దేశాల నుంచి, అక్కడ ఆటలు అమ్మే కంపెనీల దగ్గర్నించి, జవాబులొచ్చాయి. అనువాదకురాలు వాటిని ఇంటికి తెచ్చి, ముందు గదిలో చాప మీద కూర్చుని చదివి వినిపించింది.

పెద్దదేశం వాళ్ళు ఇలా రాశారు: "ఆట మాకు ఎంతో నచ్చింది. కానీ అట్ట మీద ముసలాయన నవ్వుతున్నాడు. మా దగ్గర నవ్వే బొమ్మ ఉంటే అది పాలు తాగే పిల్లల ఆటనుకుంటారు. పన్నెండేళ్ళ కుర్రాడు దాన్ని ముట్టుకోడు. దయచేసి కనుబొమలు కిందికి దించండి. పళ్ళు బిగించాలి. వీలైతే వెనక ఏదైనా తగలబడుతూ ఉండాలి."

దీవుల దేశం వాళ్ళు ఇంకోలా రాశారు: "నవ్వు చాలదు, పెంచండి. ముడతలు తీసేయండి. తల పెద్దదిగా, కాళ్ళు చిన్నవిగా, బుగ్గలు ఎర్రగా ఉండాలి. పెట్టె వెనక ఊళ్ళో ఎన్ని వీధులో, సంచీ బరువెంతో, సైకిలు ఏ సంవత్సరం నాటిదో అన్నీ రాయండి. మావాళ్ళు వెనక వైపు పూర్తిగా చదివాకే పెట్టెను ముందుకి తిప్పుతారు."

చలిదేశం వాళ్ళు: "కుక్క శత్రువంటే మావాళ్ళు నొచ్చుకుంటారు. తరమనివ్వండి గానీ తోక ఆడించమనండి. మూడో వీధిలో ఒక ముసలావిడకి చావు కబురు వస్తుందని మీ వివరాల్లో ఉంది. దాన్ని తీయవద్దు. అట్ట మీద అదే వేయండి. మా దగ్గర చలికాలం చాలా పొడుగు. ఏడిపించే ఆటలకే గిరాకీ."

మేనమామ మూడూ శ్రద్ధగా విన్నాడు. "అది సరేగానీ, నాకు అంత కోపం ఎవరి మీదమ్మా?" అన్నాడు.

"ఎవరి మీదా కాదు మావయ్యా. కుర్రాళ్ళు కొనాలంటే అలా ఉండాలిట."

"కరిచిన కుక్క మీద కూడా నాకు కోపం రాలేదే. దాని పని అది చేసింది."

తమ్ముడు కెమెరా పట్టుకుని కూర్చున్నాడు. మేనమామ అద్దం ముందు నిలబడి ఉరిమి చూడబోయాడు. ప్రతిసారీ చివర్లో నవ్వొచ్చేసేది. పావుగంట తర్వాత, చెల్లెలి పెళ్ళికి మూడు రోజులు సెలవడిగితే ఒక పూట ఇచ్చిన పోస్ట్‌మాస్టరు గుర్తొచ్చాడు. కనుబొమలు వాటంతటవే దిగాయి. తమ్ముడు టక్కున ఫొటో తీసుకుని, వెనక మంట పెట్టాడు.

"నీకు బాధగా లేదట్రా?" అంది అక్క.

"ఎందుకక్కా? పెళ్ళికో చొక్కా, పరామర్శకో చొక్కా. లోపల మనిషి ఒకడేగా. పైగా వాళ్ళు కొనేవాళ్ళ గురించి ఎంత తెలుసుకుని రాశారో చూడు" అన్నాడు వాడు. వారం రోజుల్లో మూడు దేశాలకి మూడు పెట్టెలు తయారయ్యాయి. ఒకదాని మీద మేనమామ మండిపడుతున్నాడు, ఒకదాని మీద ముద్దొస్తున్నాడు, ఒకదాని మీద మంచులో ఒక తలుపు ముందు తలొంచుకుని నిలబడ్డాడు. మేనమామ మూడూ వరసగా పెట్టుకుని, "ముగ్గురూ బానే ఉన్నారు, కాఫీకి పిలవండి" అన్నాడు.

అక్కడితో ఆగితే దేశానికి మంత్రులెందుకు? మూడు పెట్టెలూ చూసి మంత్రిగారు గంభీరంగా అయిపోయారు. "ఒక్కో దేశానికి ఒక్కో సంస్కృతి ఉందన్నమాట. మరి మనకి లేదా?" అన్నారు. ఉందని అందరూ ఒప్పుకున్నారు. వెంటనే స్వదేశీ ప్రతి కోసం ఏడుగురితో సంఘం వేశారు. ఆట ఆడితే నిష్పాక్షికత దెబ్బతింటుందని సభ్యులెవరూ ఆడలేదు. తమ్ముడు మొదటి వీధి తెర మీద నడిపి చూపించాడు. అనువాదకురాలు ఒక పక్కన కూర్చుని తీర్మానాలు రాసుకుంది.

"ఆ రోడ్డు తవ్వి ఉందేం?" అని రోడ్ల సభ్యుడు అడిగాడు.

"ఆటలో అదొక అడ్డంకి సార్."

"తవ్విన రోడ్లన్నీ పోయినేడే పూడ్చేశాం. రిపోర్టుంది."

రోడ్డు పూడిపోయింది.

"వీధికుక్కలు కూడా లేవు మనకి" అన్నాడు పురపాలక సభ్యుడు. కిటికీ అవతల ఒకటి మొరిగింది. అది ముగించేదాకా ఆగి, "ఉన్నవి పెంపుడువి" అని చేర్చాడు.

కుక్కలు పోయాయి. ఇంటి నంబర్లన్నీ సరిదిద్దే పథకం దిగ్విజయంగా ముగిసింది కనక తప్పు చిరునామాలూ పోయాయి. ఆటలో ఒక ఆఫీసు భోజనాల వేళ తలుపు మూసుకుంటుంది. అది ఎంత అవమానమో సంఘం చర్చిస్తుండగా భోజనాల వేళైంది. గదికి తాళం వేసి వెళ్ళి, గంటన్నర తర్వాత వచ్చి, ఆ ఆఫీసునీ తీసేశారు.

"వాన ఉండొచ్చు" అన్నాడు నీటిపారుదల సభ్యుడు ఉదారంగా. "కానీ సకాలంలో, అవసరమైనంతే, సాయంత్రం ఆరు దాటాక."

పోస్ట్‌మన్ పని ఆరింటికే అయిపోతుంది. వాన కూడా వెళ్ళిపోయింది.

"అసలు ఉత్తరం ఆలస్యం కావడమేమిటి? మన హయాంలో!" అన్నారు మంత్రిగారు. దాంతో పొద్దుగూకడం రద్దయింది.

అనువాదకురాలు కాగితం మీంచి తలెత్తింది. "సార్, ఇక ఆటలో ఏం మిగిలింది?"

"విజయం మిగిలిందమ్మా" అన్నాడు కార్యదర్శి.

మీట నొక్కగానే 'ఉత్తరాలన్నీ అందాయి. మీరు గెలిచారు' అని రావాలి. ఆ వెంటనే మంత్రిగారి నిలువెత్తు ఫొటో, నాలుగు నిమిషాల ప్రసంగం. మిగతా ప్రతుల సంగతెలా ఉన్నా, ఈ ప్రతిలో ప్రసంగం కింద మూడు పరాయి భాషల్లోనూ తర్జుమా పడాలి, ఎవరైనా విదేశీ అతిథి ఆడితే అర్థం కావాలి కదా.

"మధ్యలో ఆపే మీట పెట్టాలా సార్?" అని తమ్ముడు అడిగాడు.

"ఎందుకు?" అన్నారు మంత్రిగారు. ఆయన నిజంగానే తెలియక అడిగారు.

ఆ సాయంత్రం తమ్ముడు కంప్యూటరు ముట్టలేదు. "అక్కా, అది ఆట కాదు, రసీదు. నేను చెయ్యను."

కార్యదర్శి ఆ మధ్యాహ్నమే ఆమెతో ఒక మాట చెప్పి పంపాడు. నాలుగు ప్రతులకీ ఒకటే ఫైలు, ఒకటే సంతకం. స్వదేశీ ప్రతి రాకపోతే మిగతా మూడూ సరిహద్దు దాటవు. ఆమె ఆ మాటని ఎప్పట్లాగే ఏమీ కలపకుండా, తీయకుండా తమ్ముడికి చెప్పింది. చెప్పాక మొదటిసారి తన ఉద్యోగం మీద తనకే రోత పుట్టింది.

"నన్ను అడక్కుండా ఎవరు చెప్పమన్నారక్కా వాళ్ళకి, నా ఆట గురించి?"

మేనమామ కల్పించుకున్నాడు. "చెయ్యరా. ఉత్తరాలన్నీ అందాయంటే వినడానికి ఎంత బావుంది! ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రోజైనా నాకు అలా అనే యోగం పట్టలేదు."

తమ్ముడు వెనక గదిలోకి వెళ్ళి పదకొండు నిమిషాల్లో బయటికొచ్చాడు. "అయిపోయింది. తీసెయ్యడమేగా" అన్నాడు. తీర్మానాల్లో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చేశాడు. ప్రసంగం కింద తర్జుమా అక్క రాసింది, ఆమె కూడా అక్షరం పొల్లుపోనివ్వలేదు. 'మా పాలనలో రోడ్లు తవ్వబడవు. తవ్వబడినా తవ్వినట్టు ఉండవు' అన్న వాక్యం మూడు భాషల్లోనూ చక్కగా కుదిరింది. ఆ రోజు నుంచీ వాడు గోడవైపు తిరిగి అన్నం తినేవాడు.

అంతర్జాతీయ ఆటల ప్రదర్శనకి మన ప్రతినిధి బృందం పందొమ్మిది మందితో బయల్దేరింది. మంత్రిగారు, వారి శ్రీమతి, శ్రీమతి తమ్ముడు, సంఘం ఏడుగురు, కార్యదర్శి, ఆయన ఫైలు మోసేవాడు, ఇంకా దేశానికి కావలసినవాళ్ళు. స్థలాభావం వల్ల ఆట చేసినవాణ్ణి తీసుకెళ్ళడం కుదరలేదు. ఎవరో ఒకరు అక్కడివాళ్ళతో మాట్లాడాలి కనక అనువాదకురాలు వెళ్ళింది.

అక్కడ తెలిసింది, మూడు దేశాల పెట్టెలూ ఓడలో వస్తున్నాయని. ప్రదర్శన ముగిసిన తొమ్మిదో రోజుకి చేరతాయి. చేతిసామానులో వచ్చినవి స్వదేశీ ప్రతులు మాత్రమే. వాటి మీద మంత్రిగారి ఫొటో ఉంది కాబట్టి కార్యదర్శి వాటిని ఓడకి వదల్లేక, మంత్రిగారి శ్రీమతి చీరల మధ్య పెట్టి తెచ్చాడు.

కార్పెట్ పరిచిన పెద్ద హాల్లో మన స్టాలు మంచినీళ్ళ మిషను పక్కన. మొదటి గంట ఎవరూ రాలేదు. తర్వాత నీళ్ళకొచ్చిన ఒక గడ్డం కుర్రాడు ఊరికే నిలబడలేక మీట నొక్కాడు. ఉత్తరాలన్నీ అందాయి. అతను గెలిచాడు. చేతిలోని మీటకేసి ఒకసారి చూసి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గెలిచాడు. ఈలోగా ప్రసంగం మొదలైంది. ఆపడానికి అన్ని మీటలూ నొక్కి చూశాడు. ఆగలేదు. రోడ్ల వాక్యం దగ్గర అతని చేతిలోని నీళ్ళు ఒలికిపోయాయి. నాలుగు నిమిషాలూ నిలబడి విని, పరుగెత్తుకెళ్ళి ముగ్గురు స్నేహితుల్ని తీసుకొచ్చాడు. ఆ ముగ్గురూ పదిమందిని తెచ్చారు. మధ్యాహ్నానికి క్యూ హాలు గుమ్మం దాటింది.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు?" అన్నారు మంత్రిగారు.

"ఇంతలా నవ్వి చాలా రోజులైందిట సార్."

"పాపం! వాళ్ళ ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో."

అంతలో గడ్డం కుర్రాడు మంత్రిగారిని చూసి గుర్తుపట్టాడు. "ఈయనే కదా! ఏ నాటక కంపెనీలో చేస్తారు?" అని అనువాదకురాలిని అడిగాడు.

"ఈయన నటుడు కాదు, మంత్రి" అని ఆమె ఉన్నమాటే చెప్పింది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "చూడండి, వీళ్ళు పాత్రలోంచి బయటికే రావడం లేదు!" అని ఒకావిడ మెచ్చుకుంది. ఆ ప్రసంగం ఒక్కసారి నోటితో చెప్పమని అందరూ వేడుకున్నారు. మంత్రిగారికి ప్రసంగం చెప్పమని ఎవరైనా వేడుకోవడం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. నాలుగు నిమిషాలది పద్దెనిమిది నిమిషాలు చెప్పారు. ఆమె వాక్యం వెంట వాక్యం అనువదించింది. వెనక ఉన్నవాళ్ళు కుర్చీలెక్కారు.

మూడో రోజు బహుమతుల సభ. మన ఆటకి ఒక పెద్ద గాజు బహుమతి వచ్చిందని పిలిచారు. మంత్రిగారు వేదిక ఎక్కారు, పక్కనే ఆమె. ఒక పెద్దాయన ప్రశంసాపత్రం చదివాడు: "ప్రభుత్వాల డొల్లతనాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా వెక్కిరించిన ఆట ఈ దశాబ్దంలో రాలేదు. ఇందులో కల్పన ఎంతో, నిజం ఎంతో చెప్పలేం. తన మొహాన్నే నవ్వులపాలు చేసుకోవడానికి వెనుకాడని ఈ కళాకారుడికి మా జోహార్లు."

"ఏమంటున్నాడు?" అని మంత్రిగారు చెవి ఆమె దగ్గరికి వంచారు.

బృందంలో మిగతా అందరూ ముందు వరసలో కూర్చుని ఆమె పెదాలకేసే చూస్తున్నారు.

"పదేళ్ళలో ఇలాంటిది చూడలేదంటున్నారు సార్."

"ఇంకా?"

"ప్రభుత్వాల గురించి ఇంతలా చెప్పిన ఆట లేదట. నిజమో కల్పనో పోల్చుకోలేకపోతున్నారట."

"నా గురించి?"

"మీ మొహం గురించి ప్రత్యేకంగా చెప్పారు సార్. జోహార్లన్నారు."

ఆ క్షణంలో ఆమె మాట కలపలేదు గానీ, కొన్ని తీసేసింది. తీసెయ్యడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఇది ఆరంభం మాత్రమే. మా దేశంలో మిగతా శాఖల్ని కూడా ఈ ఆటలాగే తీర్చిదిద్దుతాం" అన్నారు. ఆమె అది యథాతథంగా వినిపించింది. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆ సాయంత్రం స్టాలు సర్దుతుంటే పెద్దదేశం కంపెనీ ఆవిడ వచ్చింది. కనుబొమలు దించమని రాసింది ఈవిడే. "మాకు పంపింది ఇది కాదే. ఆ సంచీ ముసలాయన ఏడీ? మీరు పంపిన రెండు వీధులూ ఆడాను. మిగతాది చూద్దామనే వచ్చాను."

అనువాదకురాలు తన సంచీలోంచి కంప్యూటరు తీసింది. తమ్ముడి మీద బెంగ వచ్చినప్పుడు ఆడుకుందామని పూర్తి ఆట అందులో పెట్టుకొచ్చింది. ఖాళీ అట్టపెట్టెల వెనక ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. ఆవిడని కుక్క కరిచింది. లేచి మళ్ళీ సైకిలెక్కింది. మళ్ళీ కరిచింది. మూడో వీధిలో ముసలావిడ ఇంటి ముందు సైకిలు ఆపి, సంచీలో మిగిలిన ఉత్తరం ఏమిటో గ్రహించి, వేలు మీట మీద పెట్టి ఉండిపోయింది. తలుపు కొట్టలేదు. తెర మీద పొద్దు వాలుతోంది. చివరికి కొట్టింది.

"ఎవరు చేశారిది?"

"మా తమ్ముడు."

"అతన్ని ఎందుకు తీసుకురాలేదు?"

"చోటు చాల్లేదు" అంది ఆమె. అది అనువాదం.

"మేం వేస్తాం. ఒక్క వీధి కూడా తియ్యకుండా వేస్తాం."

"మరి అట్ట మీద కనుబొమలు?"

"దించాల్సిందే. మావాళ్ళ సంగతి నాకు తెలుసు" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

తిరిగొచ్చాక దేశమంతా పండగ చేసుకుంది. స్వదేశీ ప్రతి అన్ని బడులకీ పంపారు. ఆడిన ప్రతి పిల్లవాడూ గెలిచాడు. ఉత్తీర్ణత నూటికి నూరు. ఒక హెడ్మాస్టరు ఉత్సాహం పట్టలేక నూటమూడు అని రాసి పంపితే అదీ ఆమోదం పొందింది.

ఇంట్లో తమ్ముడు గోడవైపు తిరిగి అన్నం తింటున్నాడు. అక్క వెనక కూర్చుని పెద్దదేశం ఆవిడ సంగతి చెప్పింది.

"కుక్క కరిచిందా ఆవిణ్ణి?" అన్నాడు వాడు తిరక్కుండానే.

"రెండుసార్లు."

"మూడో వీధి దాకా చేరిందా?"

"చేరింది. తలుపు కొట్టడానికి చాలాసేపు ఆగిందిరా."

తమ్ముడు కంచం పట్టుకుని ఇటు తిరిగాడు. "ఎంతసేపు?" అన్నాడు. ఆమె మొదట్నించీ చెప్పడం మొదలెట్టింది. వంటింట్లోంచి మేనమామ కూడా వచ్చి కూర్చున్నాడు.

ఆట మూడు దేశాల్లోనూ మూడు మొహాలతో అమ్ముడుపోయింది. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. తమ్ముడికి రెండో ఆట చేసుకునేంత. చలిదేశం నుంచి ఒక పాప మేనమామకి ఉత్తరం రాసింది. అది నలభై ఒక్క రోజులు తిరిగి, నాలుగు తప్పు ఇళ్ళు చూసి, కింది దర్జీ చేతికి చేరింది. మేనమామ కవరు వెనక పడిన ముద్రలన్నీ లెక్కపెట్టుకుని, "పాపం, ఎవడో కొత్తవాడు. బాగా తిరిగాడు" అన్నాడు. అక్క చదివి వినిపిస్తుంటే గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.

ఇక మంత్రిగారు. గాజు బహుమతి ఆయన గదిలో ఇమడలేదు. పైగా గదిలో ఉంటే పదిమందికీ కనపడేదెలా? అందుకని ప్రశంసాపత్రం మొత్తాన్ని, ఆ పరాయి భాషలోనే, ఉన్నదున్నట్టు పాలరాతి మీద చెక్కించి శాఖ ముఖద్వారం పక్కన నిలబెట్టించారు. అక్షరం తప్పు పోకుండా చూసే బాధ్యత అనువాదకురాలికి అప్పగించారు. ఆమె పొద్దున్నే వెళ్ళి శిల్పి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. 'డొల్లతనం' అన్న మాటలో ఒక అక్షరం వంకర పోతే దగ్గరుండి సరిచేయించింది.

రాయి లేచిన మర్నాటి నుంచే విదేశీ యాత్రికులు అక్కడ ఆగడం మొదలెట్టారు. చదివేవాళ్ళు. ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు. మేడ మీద జెండా కేసీ, గుమ్మంలో జవాను కేసీ చూసి మళ్ళీ చదివేవాళ్ళు. తర్వాత రాతి పక్కన ఒకరి తర్వాత ఒకరు నిలబడి ఫొటోలు తీయించుకునేవాళ్ళు. బస్సుల వాళ్ళు ఊరు చూపించే జాబితాలో దీన్ని మ్యూజియం కంటే ముందు చేర్చారు. మంత్రిగారు రోజూ పదకొండింటికి బాల్కనీలోకి వచ్చి చెయ్యూపేవారు. కిందనుంచి చప్పట్లు వినపడేవి.

ఒకనాడు కార్యదర్శి కాగితం, కలం పట్టుకుని బాల్కనీలోకే వచ్చాడు. అనువాదకురాలిని కూడా పిలిపించారు.

"సార్, రాతి కింద సగం ఖాళీగా ఉంది. అందులో దీన్నే మన భాషలో కూడా చెక్కిస్తే బావుంటుంది. మన ప్రజలు కూడా చదువుకుంటారు. ఈవిడ రాసిస్తుంది."

ఆమె బాల్కనీ కటకటాలు పట్టుకుని నిలబడింది. కలం ఇస్తే ఏం రాయాలో ఆమెకి తెలుసు. ఈసారి ఒక్క మాట కూడా తీయదలుచుకోలేదు.

మంత్రిగారు ఆలోచించారు. కింద బస్సు దిగిన జనం రాతి చుట్టూ మూగి, పైకి చూసి, ఫోన్లు ఎత్తారు. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించి, చిరునవ్వుతో వెనక్కి తిరిగారు.

"మన భాషలో దండగయ్యా. మనవాళ్ళకి తెలియనిదేముంది అందులో?"